దుకాణానికి రెండో నెట్టు

విశాఖపట్నంలో దుకాణాలకూ చిన్న ఆఫీసులకూ కంప్యూటర్లు కలిపి ఇంటర్నెట్ పెట్టడం నా వృత్తి. మొదట్లో నెట్ ఉంటే చాలనేవారు. ఇప్పుడు మందుల షాపువాళ్లు కూడా కొత్త కనెక్షన్ పెట్టించుకుంటూనే, "ఇది ఎల్లిపోతే ఏటి సెయ్యాలి బాబూ?" అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. దానికి జవాబు ఏళ్ల తరబడి మారుతూ వచ్చింది.

2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చినప్పుడు మా పని నిజంగా మొదలైంది. అంతకు ముందు ఏడాది వచ్చిన ప్రభుత్వ విధానం ప్రకారం 256 కేబీపీఎస్ ఉంటే అది బ్రాడ్‌బ్యాండ్. నెట్టూ ఫోనూ ఒకే రాగి తీగ మీద వచ్చేవి. వానాకాలంలో రోడ్డు పక్క డబ్బాలో జాయింట్లు తడిస్తే ఫోనులో గరగర మొదలయ్యేది, ఆ వెంటనే మోడెం మీద డీఎస్ఎల్ లైటు మిణుకుమిణుకుమనేది. ఫిర్యాదు చెయ్యడానికి ఫోనూ ఉండేది కాదు. అప్పట్లో ఆదుకున్నది రిలయన్స్ సీడీఎంఏ ఫోను. డేటా కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి #777 డయల్ చేస్తే నెట్ వచ్చేది. చాలా నెమ్మది. అయినా మెయిల్ వెళ్లేది, రైలు టికెట్ దొరికేది. దుకాణానికి ఆ రాగి తీగతో సంబంధం లేని దారి దొరకడం అదే మొదలు.

తర్వాత డాంగిళ్ల కాలం. టాటా ఫోటాన్ ప్లస్, రిలయన్స్ నెట్‌కనెక్ట్. 2010 స్పెక్ట్రమ్ వేలం తర్వాత ప్రైవేటు కంపెనీల 3జీ. హువావే డాంగిల్ మీద చిన్న లైటు ఉండేది. ఆకుపచ్చగా ఉంటే 2జీ, నీలం అయితే 3జీ. ద్వారకానగర్‌లో సెల్లార్ దుకాణాలకు సిగ్నల్ అందక, అయిదు మీటర్ల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ వేసి డాంగిల్‌ని మెట్ల పక్కన కిటికీ ఊచకు రబ్బరు బ్యాండుతో కట్టేవాణ్ణి. నీలం లైటు నిలబడేదాకా ఒక్కో ఊచ మార్చి చూడటమే. తీగ పొడవు అంతకు మించితే కంప్యూటర్ డాంగిల్‌ని గుర్తుపట్టేది కాదు.

డాంగిల్‌తో ఉన్న పెద్ద లోటు, అది ఒక్క కంప్యూటర్‌దే కావడం. బిల్లింగ్ మిషన్‌కి నెట్ వస్తే పక్క టేబుల్‌కి రాదు. ఆ లోటు తీర్చినవి యూఎస్‌బీ రంధ్రం ఉన్న రౌటర్లు. టీపీ-లింక్ ఎంఆర్3420 లాంటి వాటికి వెనక బ్రాడ్‌బ్యాండ్ తీగ, పక్కన డాంగిల్. తీగ పోతే డాంగిల్ అందుకునేది. కానీ ఏ రౌటర్‌కి ఏ డాంగిల్ పడుతుందో జాబితా చూసుకుని కొనాలి, పైగా డాంగిళ్లు చాలావరకు ఒక కంపెనీ సిమ్‌కే తాళం వేసి వచ్చేవి. ఆ తర్వాత సీడీఎంఏ నెట్‌వర్కులు మూతపడ్డాయి, ప్రైవేటు కంపెనీలు 3జీ ఆపేశాయి. ఆ డాంగిళ్లన్నీ పనికిరాకుండా పోయాయి. అందుకే ఒకే కంపెనీకి కట్టుబడే పరికరం నేను ఎవరికీ చెప్పను.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను సరిగ్గా మా ఊరి మీదే తీరం దాటింది. స్తంభాలు పడ్డాయి, చెట్లు పడ్డాయి, వాటితోపాటు తీగలన్నీ పడ్డాయి. తీగ పోయినా డాంగిల్ ఉందిగా అనుకున్నవాళ్లకు అదీ పలకలేదు. టవర్‌కి కరెంటు లేదు, బ్యాటరీలు అయిపోయాయి, జనరేటర్‌కి డీజిల్ చేరే దారి లేదు. ఊళ్లో మనుషుల క్షేమం కనుక్కోవడమే గగనమైన రోజులవి, దుకాణాల లెక్కలు ఎవరికి పట్టాయి? ఆ తుపాను తర్వాతే విశాఖలో ప్రపంచ బ్యాంకు సాయంతో కరెంటు తీగల్ని భూగర్భంలోకి దించే పని మొదలైంది. నా పనిలో నేను నేర్చుకున్నది మాత్రం ఒకటుంది. ఆదుకోవలసిన దారి మొదటి దారికి చుట్టం కాకూడదు. ఒకే స్తంభం, ఒకే కరెంటు, ఒకే కంపెనీ అయితే రెండూ కలిసే కూలుతాయి.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధర సమస్య కాకుండా పోయింది. జియోఫై లాంటి జేబు పరికరాలు ఇంటింటికీ చేరాయి. ప్రయాణానికి అవి బాగుంటాయి. దుకాణంలో మాత్రం ఇరవైనాలుగు గంటలూ చార్జర్‌కి తగిలించి ఉంచితే లోపలి బ్యాటరీ ఉబ్బుతుంది, వెనక మూత పైకి లేస్తుంది. అలా లేచిన మూతల్ని ఇప్పటికీ దుకాణాల్లో చూస్తున్నాను. అలాంటిది కనబడితే వెంటనే తీసి పక్కన పెట్టండి.

2018 ఏప్రిల్‌లో రాష్ట్రాల మధ్య సరుకుకి ఈ-వే బిల్లు తప్పనిసరి అయ్యాక, నెట్ పోవడమంటే లారీ ఆగిపోవడమే. యాభై వేల రూపాయలు దాటిన సరుకు ఆ బిల్లు లేకుండా కదలకూడదు. ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి సిమ్ పట్టే రౌటర్ పెట్టాను. తీగ పీకి చూపిస్తే సిమ్ మీదికి చక్కగా మారింది. కొన్నాళ్లకు రోడ్డు తవ్వకంలో ఫైబర్ తెగింది. గోడ మీది ఫైబర్ డబ్బాలో సిగ్నల్ లేదని చెప్పే ఎల్ఓఎస్ లైటు ఎర్రగా వెలుగుతోంది, రౌటర్ మాత్రం కదల్లేదు. కారణం చిన్నదే. డబ్బాకీ రౌటర్‌కీ మధ్య తీగ బాగానే ఉంది కాబట్టి, నెట్ ఉందనే రౌటర్ అనుకుంది. బయట ఒక సర్వర్‌ని కొన్ని సెకన్లకోసారి పింగ్ చేసి, జవాబు రాకపోతే మారే ఏర్పాటు దానికి లేదు. ఆ ఏర్పాటు ఉన్న రౌటర్ పెట్టాక ఆ ఆఫీసులో లారీ ఆగలేదు. ఇప్పుడు ఎక్కడికెళ్లినా తీగని రౌటర్ దగ్గర కాదు, ఫైబర్ వైపు పీకి చూస్తాను.

సీసీ కెమెరాలు ఉన్నవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. సిమ్ మీద వచ్చే నెట్‌కి చాలాసార్లు సొంత పబ్లిక్ ఐపీ చిరునామా ఉండదు, వేల మందికి కలిపి ఒకటే ఉంటుంది. బయటినుంచి నేరుగా ఆ చిరునామాతో కెమెరా చూసే అలవాటుంటే, సిమ్ మీదికి మారగానే కెమెరా కనబడదు. కంపెనీ క్లౌడ్ ద్వారా చూసే కెమెరాలకు ఈ చిక్కు లేదు.

ఇక కొనేవాళ్లకు నా మాట. అన్ని కంపెనీల సిమ్‌లూ పట్టే 4జీ రౌటర్ తీసుకోండి, పింగ్ చేసి మారే ఏర్పాటు ఉందో లేదో కొనకముందే అడగండి. విదేశాల నుంచి తెప్పించేదైతే 850, 1800, 2300 మెగాహెర్ట్జ్ లాంటి, మీ సిమ్ కంపెనీ వాడే బ్యాండ్లు పడతాయో చూడండి. ఈ మూడింటిలో గోడలు దాటి లోపలికి బాగా వచ్చేది 850. ఫైబర్ ఒక కంపెనీది అయితే సిమ్ ఇంకో కంపెనీది పెట్టండి. సిమ్ కొనేముందు మీ ఫోనులో వేసి, రౌటర్ పెట్టబోయే చోటే నిలబడి చూడండి. ఫైబర్ డబ్బాకీ రౌటర్‌కీ కలిపి చిన్న యూపీఎస్ పెట్టండి, కరెంటు పోతే రెండు దారులూ ఒక్కసారే పోతాయి కదా. 5జీ రౌటర్ కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు, బిల్లులకీ యూపీఐకీ 4జీ సరిపోతుంది. ప్రీపెయిడ్ సిమ్ గడువు తేదీ కౌంటర్ దగ్గర గోడ మీద రాసి పెట్టుకోండి. నెలకోసారి దుకాణం కట్టేసే వేళ ఫైబర్ తీగ పీకి, ఒక బిల్లు కొట్టి చూడండి.