కృష్ణాపత్రికయుఁ జందాదారుల విశ్వాసమును

చందా యను మాట పారసీకము. ప్రత్యయ మను మాట సంస్కృతము; అమరసింహుఁడు దాని యర్థములలో విశ్వాసమును గూడఁ జేర్చెను. వ్యాకరణమునఁ బ్రత్యయము ప్రకృతికిఁ బరమై వచ్చునే కాని ముందు రాదు. పత్రికకుఁ జందా చెల్లించువాని విషయమున నీ క్రమము తలక్రిందగును. రొక్కము ముందు పోవును; పత్రిక వెనుక వచ్చును. కావున నిచట విశ్వాసము ముందే పుట్టి యుండవలెను. అది మచిలీపట్టణమున నెట్లు పుట్టెనో విచారింపఁదగినది.

హిందూదేశపుఁ దపాలాశాఖలో వి.పి. పద్ధతి 1877లోను, మనియార్డరు 1880లోను వచ్చినవి. ఇవి లేనిదే గ్రామములకుఁ బత్రిక పోవుట దుర్ఘటము. అయినను వి.పి.లో నొక సంచిక చేతఁ బడినను దక్కిన యేఁడాది సంచికలు రావలసియే యుండును. ముద్రాలయము మూఁతపడినను, సంపాదకుఁడు చెఱసాల కేఁగినను జందాదారుని సొమ్ము నీటఁ గలసినట్లే. ఈ భయ మాకాలమున నూరక పుట్టినది కాదు.

కృష్ణామండల సంఘమువారి సంకల్పము ననుసరించి 1902లోఁ గొండ వెంకటప్పయ్యయు దాసు నారాయణరావును బందరునఁ గృష్ణాపత్రికను స్థాపించిరి. మొదట నది పక్షపత్రిక. పిమ్మట వారపత్రిక యయ్యెను. 1904లో గుంటూరు మండలము వేఱుపడెను. మఱుసటి యేఁట వెంకటప్పయ్య గుంటూరునకుఁ దరలెను. నారాయణరావు గతించెను. స్థాపకు లిరువురును లేని పత్రికను జూచి చందాదారుఁడు చేయి ముడుచుకొనుట సహజము. ఎన్నియో పత్రిక లిట్టి సంధియందే యంతరించినవి.

ఆ భారము ముట్నూరి కృష్ణారావుపైఁ బడెను. ఆయన 1879లో దివితాలూకా ముట్నూరున జన్మించెను; బందరునఁ జదువుకొనెను. ఉపసంపాదకుఁడుగాఁ జేరి 1907లో సంపాదకుఁడై, 1945లోఁ గాలధర్మము నొందువఱకు, అనఁగా 38 ఏండ్లు, ఆ పీఠమును వదలలేదు. ఒక్కచేయి యింతకాలము నడిపిన వారపత్రికలు తెలుఁగున మిక్కిలి యరుదు. పాఠకుఁ డేయేఁటికాయేఁడు క్రొత్తవానిని బరీక్షింపవలసిన పని లేకపోయెను.

ఆరంభమే యపాయకరమైనది. 1907లో బిపినచంద్రపాలు నాంధ్రదేశమునకుఁ బిలిపించి, యాయనవెంటఁ దిరిగినవాఁడీ సంపాదకుఁడే. మఱుసటి యేఁడు బెజవాడ స్వరాజ్యపత్రిక సంపాదకుఁడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహ నేరముపైఁ జెఱసాల పాలయ్యెను. 1910 నాఁటి ముద్రణశాసనము క్రొత్త ముద్రాలయమునుండి 500 మొదలు 2000 రూపాయలవఱకు ధరావతు కోరుట కధికారులకు వీలు గల్పించెను. అది 1922లోఁ గాని రద్దు కాలేదు. ఇట్టి దినములలో నొక్క పరుషవాక్యము పత్రికను ముంచును. నోరుమూసికొన్నచోఁ బాఠకుఁడు విడిచిపోవును. రెంటికి నడుమ త్రోవ సన్ననిది. కృష్ణారావు రాజకీయమును వదలక, దానిని గళోపనిషత్కావ్య విచారములతోఁ గలిపి వ్రాసెను. దీనిని గేవలము యుక్తి యని చెప్పుట యన్యాయము. ఆయన బుద్ధియే యట్టిది. ఆ శైలి కఠిన మనువారును లేకపోలేదు, అది కొంతవఱకు నిజమే. అయినను బాఠకునికొఱకు దన స్థాయిని దించకుండుటయే యాతని గౌరవించుట యని సంపాదకుఁడు తలఁచినట్లున్నది. మందహాసము కావలసినవారికి రావూరి వెంకటసత్యనారాయణరావు వడగళ్ళు రాల్చుచునే యుండెను.

కార్యాలయమునఁ బ్రొద్దుగుంకినపిమ్మట సంపాదకునిచుట్టుఁ గవులు, చిత్రకారులు, దేశసేవకులు గూడుచుండిరి. దానికి దర్బా రని పేరు. సంపాదకుఁడు తెరవెనుక దాఁగినవాఁడు కాఁడు. వ్రాఁతకును నడవడికిని భేద మున్నచో నట్టిచోట దాఁగదు. 1910లోఁ గోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యలతోఁ గూడి యాంధ్ర జాతీయ కళాశాలను స్థాపించుటయందును గృష్ణారావు పాలుగొనెను. పత్రికలో బోధించినది బందరువీధులలో నిర్మాణమగుట పాఠకుఁడు చూడఁగలిగెను. ఈ యొక్క సంగతి నూఱు ప్రకటనలకంటె బలవత్తరము.

పామర్రు సమీపమునందలి యెలకుఱ్ఱున జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయినుండి యాంధ్రపత్రికను వెలువరించెను. దాని వెనుక 1893లో స్థాపితమైన యమృతాంజన వ్యాపారము గలదు. నష్టము వచ్చినను బత్రిక నిలుచు నని చందాదారుఁ డెఱుఁగును. కృష్ణాపత్రిక కట్టి కొండయండ లేదు. 1919లోఁ బట్టాభిసీతారామయ్య బందరుననే ప్రారంభించిన జన్మభూమి యాంగ్లవారపత్రిక 1930లో నాఁగిపోయెను. దాని పాఠకులు వేఱు.

ఆ 1908వ సంవత్సరముననే బెజవాడనుండి గుడివాడమీఁదుగా బందరునకు రైలు వచ్చెను. గుడివాడ వైపునకుఁ బత్రికకట్టలు పోవుట సుకరమయ్యెను. దివిసీమ సంగతి వేఱు. పులిగడ్డయొద్దఁ గృష్ణ రెండుపాయలై యా సీమను జుట్టుకొన్నది. ఏఱు పొంగినపు డుత్తరము నిలిచిపోవును. ఆ యాలస్యము పత్రికదా, యేటిదా యని విచారింపఁగల పాఠకుఁడే నిజమైన చందాదారుఁడు.

కృష్ణారావు గతించిన పిమ్మటఁ గాటూరి వేంకటేశ్వరరావు సంపాదకుఁ డయ్యెను. అప్పుడు గాని పాఠకులు రొక్కము చెల్లించినది పత్రికకో, మనుష్యునకో తెలియరాలేదు. పత్రిక వెంటనే యాఁగలేదు గాన నా విశ్వాసము కొంత బందరు పేరునకును జెందిన దనవలెను. అందు హెచ్చుభాగము మాత్రము కృష్ణారావుదే.