తెడ్డుకి రూల్ లేదు

మాది గోదావరి ఒడ్డు. అయినా తెడ్డు పట్టుకోవడం వచ్చింది మాత్రం సియాటిల్ లో, ఆన్‌సైట్ పుణ్యమా అని. కిందటి వేసవిలో లేక్ యూనియన్ లో ఒక కయాక్ అద్దెకి తీసుకున్నా. సరస్సు మధ్యలో ఉండగా ఓ మోటారు బోటు పక్కనుంచే దూసుకుపోయింది. దాని అల పక్కవాటుగా కొట్టేసరికి కయాక్ బోల్తా. నాకు ఈత రాదు. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి ఇది రాస్తున్నా.

ఒడ్డుకి రాగానే చేసిన మొదటి పని, తప్పు వాడిదేనని చూపించే రూల్ వెతకడం. బగ్ మన కోడ్ లో లేదని నిరూపించుకోవడం ముందు, ఫిక్స్ తర్వాత కదా :)

ఓడలు గుద్దుకోకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నియమాలు ఉన్నాయి. 1977 జులై 15 నుంచి అమల్లోకొచ్చాయి. ఈ సరస్సుకీ అవే వర్తిస్తాయి. ఎవరు ఎవరికి దారివ్వాలో 18వ రూల్ చెబుతుంది. ఇంజను ఓడ తెరచాప పడవకి దారివ్వాలి, తెరచాప పడవ చేపలు పట్టే ఓడకి దారివ్వాలి, ఇలా. ఆ జాబితా నాలుగుసార్లు చదివా. తెడ్డు పడవ అందులో లేనే లేదు! స్పెక్ లో మర్చిపోయిన కేస్ అన్నమాట.

ఇదెలా జరిగిందో తెలియాలంటే థేమ్స్ నదికి వెళ్ళాలి. లండన్ లో వందల ఏళ్ళు తెడ్డుదే రాజ్యం. పడవవాళ్ళ కిరాయిల మీద 1514లోనే చట్టం చేశారు, 1555లో వాళ్ళకో సంఘం ఏర్పడింది. 1815లో ఆవిరి పడవలు దిగాయి. గాలి లేకపోతే తెరచాప కదల్లేదు, ఆవిరి ఓడ ఎటైనా తిరగగలదు. అందుకే 1863లో బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చేసిన నియమాల్లో తప్పుకునే బాధ్యత ఆవిరి ఓడ మీద పెట్టారు. తెడ్డు పడవ కూడా ఎటైనా తిరగగలదు కాబట్టి దానికి మినహాయింపు అక్కర్లేదనుకుని ఉంటారని నా ఊహ. తిరగగలగడం వేరు, సమయానికి తప్పుకోగలగడం వేరు.

తర్వాత థేమ్స్ మీద షికార్లు పెరిగి గొడవలూ పెరిగాయి. నదిని జనం విహారం కోసం కాపాడాలని 1885లో పార్లమెంటు ఒక చట్టమే చేసింది. 1889లో వచ్చిన జెరోమ్ కె. జెరోమ్ నవల 'త్రీ మెన్ ఇన్ ఎ బోట్' చదవండి. కథ చెప్పేవాడికి ఆవిరి లాంచీలంటే ఒళ్ళుమంట. కావాలని వాటికి అడ్డంగా పడవ నడిపి ఏడిపిస్తాడు. కొన్ని అధ్యాయాల తర్వాత స్నేహితుల లాంచీ వీళ్ళ పడవని లాక్కెళ్తుంది. అంతే, దారికి అడ్డొచ్చే చిన్న పడవలని తిట్టడం మొదలెడతాడు!

నవ్వుకున్నా. నెల తిరక్కుండానే ఆ నవ్వు నా మీదకే వచ్చింది. ఒక కొలీగ్ మోటారు బోటులో వెళ్ళాం. సాయంత్రం, ఎదురెండ. "ఈ కయాక్ వాళ్ళు మధ్యలో ఎందుకుంటారో" అని విసుక్కున్నది సాక్షాత్తూ నేనే. అలా అంటుండగానే వాడు చటుక్కున పక్కకి తిప్పాడు. ముదురు రంగు చొక్కా వేసుకున్న ఒకావిడ, ఆ మెరుపులో నాకసలు కనబళ్ళేదు.

అప్పుడర్థమైంది, నన్ను ముంచినవాడు కూడా నన్ను చూసి ఉండకపోవచ్చని. అలాగని వాడిని వదిలెయ్యను. కళ్ళూ చెవులూ తెరిచి చూసుకోవాలని 5వ రూల్, సురక్షితమైన వేగంతో వెళ్ళాలని 6వ రూల్ చెబుతున్నాయి. లేక్ యూనియన్ లో పరిమితి 7 నాట్లు, అంటే గంటకి 13 కిలోమీటర్లే. కానీ గుద్దుకుంటే మునిగేది మనం.

అందుకే ఇప్పుడు నేను కొట్టొచ్చినట్టు కనపడే రంగు జాకెట్ వేసుకుంటా, మెడలో విజిల్. ఒడ్డువారనే వెళ్తా. బోట్ల దారి దాటాల్సొస్తే అడ్డంగా, గబగబా, అందరం ఒక గుంపుగా. అల వస్తే ముక్కు దానికెదురు తిప్పుతా. చీకటి పడితే చేతిలో టార్చి. అన్నట్టు ఆ నియమాల్లో తెడ్డు పడవ ప్రస్తావన ఒక చోట ఉంది, 25వ రూల్ లో. వేరే దీపాలు లేకపోతే టార్చి చేతికందేలా పెట్టుకుని, గుద్దుకోకముందే చూపించాలట.

ముందు ఈత నేర్చుకోవాలి. వచ్చే సోమవారం నుంచి క్లాసులు.