గీతల్లో దొరికిన విశ్వచరిత్ర

నక్షత్రం పక్కకు జరిగితే ఏళ్ల తరబడి గమనించి పసిగట్టవచ్చు. తిన్నగా మన వైపు వస్తున్నా, మన నుంచి దూరంగా పోతున్నా టెలిస్కోపులో దాని చోటు మారదు. ఆ కదలికను పట్టుకునే దారి 19వ శతాబ్దంలో దొరికింది.

1842లో ప్రాగ్‌లో క్రిస్టియన్ డాప్లర్, దగ్గరికొచ్చే నక్షత్రం నీలంగా, దూరమయ్యేది ఎర్రగా కనిపిస్తుందన్నాడు. సూత్రం సరైనదే, కానీ నక్షత్రాల రంగులకు అసలు కారణం ఉష్ణోగ్రత. రంగును వదిలి, కాంతిని విడదీస్తే వచ్చే వర్ణపటంలోని నల్లని గీతలను చూడాలని 1848లో ఫ్రాన్స్‌లో భౌతికశాస్త్రవేత్త ఫిజో గ్రహించాడు. సూర్యకాంతిలో అలాంటి గీతలను జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాన్‌హోఫర్ అప్పటికే 500కు పైగా లెక్కపెట్టి ఉన్నాడు. ఒక్కో మూలకానికీ సొంత గీతలుంటాయని 1859లో కిర్కాఫ్, బున్సెన్ తేల్చారు. ప్రయోగశాలలో గీత ఉండే చోటు తెలుసు కనుక, నక్షత్రకాంతిలో అది ఎరుపు వైపు జరిగితే నక్షత్రం దూరమవుతున్నట్టు, నీలం వైపు జరిగితే దగ్గరవుతున్నట్టు. ఎంత జరిగిందో కొలిస్తే వేగం తెలుస్తుంది.

1868లో విలియం హగిన్స్ ఈ పద్ధతిని సిరియస్ నక్షత్రం మీద ప్రయోగించాడు. గీతలు వేగాన్నే కాదు, పదార్థాన్నీ చెబుతాయి: అదే ఏడాది ఆగస్టు 18న ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలలు వాయువులేనని గీతల ఆధారంగా గుర్తించి, గ్రహణం లేకుండానే వాటిని చూసే ఉపాయాన్ని మర్నాడే కనిపెట్టాడు.

అసలు మలుపు అమెరికాలో, ఆరిజోనాలోని లోవెల్ వేధశాలలో వచ్చింది. సర్పిలాకార నీహారికలు పుడుతున్న గ్రహకుటుంబాలు కావచ్చని దాని స్థాపకుడు పర్సివల్ లోవెల్ భావించి, వాటి వర్ణపటాలు తీసే పని వెస్టో స్లైఫర్‌కు అప్పగించాడు. అవి ఎంత మసకంటే, ఒక్క ఫొటో పలకను గంటల కొద్దీ, కొన్నిసార్లు వరసగా కొన్ని రాత్రులు వెలుగుకు పెట్టాల్సి వచ్చేది. 1912లో ఆండ్రోమెడా నీహారిక సెకనుకు 300 కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తున్నట్టు తేలింది. అప్పటికి ఏ నక్షత్రానికీ కొలవనంత వేగమది. 1917 నాటికి ఆయన కొలిచిన 25 నీహారికల్లో 21 మన నుంచి దూరంగా పోతున్నాయి. ఇంత ఓపికతో చేసిన పని ఖగోళశాస్త్రంలో అరుదని నా అభిప్రాయం.

వేగం తెలిసినా దూరం తెలియాలి. వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే సెఫీడ్ నక్షత్రాలకు హెన్రియెట్టా లీవిట్ 1912లో కనిపెట్టిన నియమం అందుకు కొలబద్ద అయింది. దానితో అమెరికా ఖగోళవేత్త ఎడ్విన్ హబుల్ నీహారికల దూరాలు కొలిచి, ఎంత దూరంలో ఉంటే అంత వేగమని 1929లో ప్రకటించాడు. అంతకు రెండేళ్ల ముందే బెల్జియం మతాచార్యుడు జార్జ్ లెమైత్ర్, అప్పట్లో నీహారికలన్న ఈ గెలాక్సీల మధ్య స్థలమే సాగుతోందని రాశాడు. 1931లో కాలంలో ఇంకా వెనక్కి వెళ్లి, విశ్వమంతా ఒక ఆదిమ పరమాణువు నుంచి మొదలైందన్నాడు.

హబుల్ దూరాలు మొదట తక్కువగా వచ్చాయి. ఆ లెక్కన విస్తరణను వెనక్కి తిప్పితే విశ్వం వయసు 200 కోట్ల ఏళ్లు కూడా లేదు, భూమి కంటే చిన్నది! దూరాలను సవరించాక ఆ చిక్కు విడిపోయింది. ఇప్పటి అంచనా సుమారు 1380 కోట్ల ఏళ్లు. ఆకాశమంతటా పరుచుకున్న తొలినాటి వేడి శేషాన్ని పెంజియాస్, విల్సన్ 1965లో ప్రకటించాక ఆ ఆరంభాన్ని, అంటే మహావిస్ఫోటాన్ని కాదనడం కష్టమైంది.

2018లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఎంత దూరమో అంత వేగమన్న నియమాన్ని హబుల్-లెమైత్ర్ నియమమని పిలవాలని సిఫారసు చేసింది. అది న్యాయమే. కానీ 1929 నాటి పత్రంలోని వేగాల్లో ఎక్కువ భాగం స్లైఫర్ కొలిచినవే, అక్కడ ఆయన పేరు లేదు. విశ్వం పుట్టుకను పిల్లలకు చెప్పేటప్పుడు ఆ పేరు కూడా చెప్పండి.