రేట్ టేబుల్ (చలన సెన్సర్ల క్యాలిబ్రేషన్)

రేట్ టేబుల్ అంటే గైరోస్కోపును బిగించి, ముందే నిర్ణయించిన కోణీయ వేగంతో తిప్పుతూ, అది ఇచ్చే రీడింగును సరిచూసే యంత్రం. ఒకటి, రెండు, మూడు అక్షాల రకాలు వాడుకలో ఉన్నాయి. యాక్సిలరోమీటర్లకు సెంట్రిఫ్యూజ్, టర్బైన్ షాఫ్టుల పక్కన అమర్చే ప్రాక్సిమిటీ ప్రోబులకు వంపు పళ్లెం ఈ కోవలోకే వస్తాయి. కింది లెక్కలు విశాఖ దగ్గరి పెందుర్తి అక్షాంశానికి, అంటే సుమారు 17.8 డిగ్రీల ఉత్తరానికి, కట్టినవి. యూరప్, అమెరికా మాన్యువళ్లలో ఉదాహరణగా ఇచ్చే విలువలు ఇక్కడికి పనికిరావు.

గైరోస్కోపు పుట్టిన సంవత్సరంగా చాలా పుస్తకాలు 1852ను ఇస్తాయి. ఆ ఏడు లియాన్ ఫూకో దానికి ఆ పేరు పెట్టి, భూమి తిరుగుతోందని చూపడానికి వాడాడు. అయితే మూడు వలయాల్లో తిరిగే గోళాన్ని జర్మనీలో యొహాన్ బోనెన్‌బెర్గర్ 1817 నాటికే వర్ణించాడు. పరికరానికి 1817, దానితో భూభ్రమణాన్ని పట్టుకున్నందుకు 1852 అని విడదీసి చెప్పడమే మేలు. లేజర్ కాంతితో భ్రమణాన్ని కొలిచే రింగ్ లేజర్ గైరోకు ఆధారమైన సాన్యాక్ ప్రయోగం 1913 నాటిది.

తెలుగు నేలపై ఈ విద్యకు ప్రధాన కేంద్రం హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్. క్షిపణుల నావిగేషన్ వ్యవస్థలు అక్కడ రూపొందుతాయి. దాని స్థాపన ఏడాది ఒకచోట 1985 అనీ, మరొకచోట 1988 అనీ కనిపిస్తుంది. ప్రధాని రాజీవ్ గాంధీ శంకుస్థాపన చేసింది 1985 ఆగస్టులో; రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ జాతికి అంకితం చేసింది 1988 ఆగస్టులో. ప్రయోగశాల చరిత్రకు రెండో తేదీయే తగినదనిపిస్తుంది. విశాఖలో 1969లో ఏర్పడిన నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ టార్పెడోలపై పనిచేస్తుంది. నీటి అడుగుకు ఉపగ్రహ సంకేతం చేరదు కాబట్టి, టార్పెడో తన దారి తెలుసుకోవడానికి లోపలి గైరోల మీదే ఎక్కువగా ఆధారపడాలి. ఆ సంస్థ రూపొందించిన వరుణాస్త్రం టార్పెడో 2016లో నౌకాదళానికి అందింది.

రేట్ టేబుల్ బల్ల ఆగి ఉన్నా, దానిపై ఉన్న గైరో భూమితోపాటు తిరుగుతూనే ఉంటుంది. ఈ పరీక్షల్లో చిక్కంతా ఇక్కడే. భూభ్రమణ వేగాన్ని గంటకు 15 డిగ్రీలుగా రాసే పుస్తకాలున్నాయి. అది సూర్యుణ్ణి బట్టి వేసిన లెక్క. నక్షత్రాలను బట్టి చూస్తే భూమి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లలో ఒక చుట్టు తిరుగుతుంది. కనుక గంటకు 15.041 డిగ్రీలు తీసుకోవాలి. ఇందులో పెందుర్తి వద్ద నిలువు అక్షం మీద పడే భాగం సుమారు 4.6 డిగ్రీలు, ఉత్తర దిశగా క్షితిజ సమాంతరంగా పడేది 14.3 డిగ్రీలు. లండన్‌లో నిలువు భాగమే దాదాపు 11.8 డిగ్రీలు. అక్కడి ప్రయోగశాల సవరణను ఇక్కడ యథాతథంగా వాడితే గంటకు ఏడు డిగ్రీలకు పైగా తప్పు వస్తుంది.

బల్లను ఒకే వేగంతో ఒకసారి సవ్యంగా, ఒకసారి అపసవ్యంగా తిప్పి, రెండు రీడింగుల తేడాను రెండు వేగాల తేడాతో భాగిస్తే భూమి వాటా కొట్టుకుపోయి స్కేల్ ఫ్యాక్టర్ (వేగానికి రీడింగు ఎంత మారుతుందనే నిష్పత్తి) మిగులుతుంది. బయాస్ (అసలు తిరగకపోయినా గైరో చూపే రీడింగు) కోసం గైరో అక్షాన్ని ఉత్తరానికి, తర్వాత దక్షిణానికి తిప్పి రెండు రీడింగుల సగటు తీస్తారు. అక్షాన్ని సరిగ్గా తూర్పుకు పెడితే భూభ్రమణం కనిపించదని చెప్పడం తేలిక, పెట్టడం కష్టం. తూర్పు ఒక్క డిగ్రీ తప్పినా పెందుర్తిలో గంటకు 0.25 డిగ్రీల దొంగ రీడింగు వస్తుంది. నావిగేషన్ తరగతి రింగ్ లేజర్ గైరో బయాస్ గంటకు 0.01 డిగ్రీ స్థాయిది. ఆ హద్దులో ఉండాలంటే దిశను రెండున్నర కోణీయ నిమిషాల లోపు పట్టుకోవాలి. చేతి దిక్సూచి ఈ పనికి చాలదు. పట్టుకున్న దిశ చెదరకుండా, కంపనాలు సోకకుండా ఇలాంటి బల్లలను భవనం నేలతో సంబంధం లేని ప్రత్యేక దిమ్మెపై నిలుపుతారు. కొత్తవలస మీదుగా విశాఖ ఓడరేవుకు దిగే ఇనుప ఖనిజం గూడ్సు రైళ్లు పెందుర్తి మీదుగానే పోతాయి. ఇలాంటి చోట దిమ్మె కూడా పూర్తి రక్షణ కాదు. రైళ్ల వేళలు చూసుకుని రీడింగులు తీసుకోవలసిందే.

సెల్‌ఫోన్లలోని చిప్ గైరోలకు ఇంత తతంగం అక్కర్లేదు. వాటి బయాస్ సెకనుకు ఒక డిగ్రీ ఉన్నా వింత కాదు; అది గంటకు 3,600 డిగ్రీలు. భూభ్రమణం ఆ రొదలో మునిగిపోతుంది. కళాశాల విద్యార్థికి పాత గ్రామఫోనే చాలు: నిమిషానికి 33⅓ చుట్లంటే కచ్చితంగా సెకనుకు 200 డిగ్రీలు, 45 చుట్లంటే 270. మోటారు వేగాన్ని స్ట్రోబుతో సరిచూసుకోవాలి.

యాక్సిలరోమీటరుకు మొదటి కొలమానం గురుత్వమే. ఆరు ముఖాల మీద వరసగా నిలిపి రీడింగు తీస్తారు. ఇక్కడా అక్షాంశం వదలదు. ప్రామాణిక విలువ సెకను వర్గానికి 9.80665 మీటర్లు కాగా, అక్షాంశ సూత్రం ప్రకారం పెందుర్తిలో అది సుమారు 9.785. తేడా 0.22 శాతం. దాన్ని విస్మరించి ‘ఒక జీ’ అని నమోదు చేసే అలవాటు చాలాచోట్ల ఉంది. ఒక జీకి మించిన పరీక్షకు సెంట్రిఫ్యూజ్ కావాలి. మీటరు వ్యాసార్ధంలో నిమిషానికి దాదాపు 95 చుట్లు తిప్పితే పది జీలు వస్తాయి. వేగాన్ని కొలవడం సులువు. సెన్సర్ లోపలి ద్రవ్యరాశి కేంద్రం భ్రమణాక్షానికి ఎంత దూరంలో ఉందో తేల్చడమే కష్టం. ఒక మిల్లీమీటరు పొరపాటు ఫలితంలో 0.1 శాతమవుతుంది. ఈ పరీక్ష పద్ధతికి ఐఈఈఈ 836 ప్రమాణం ఉంది.

విశాఖ ఉక్కు కర్మాగారం, సింహాద్రి విద్యుత్ కేంద్రం వంటి చోట్ల ప్రశ్న మరొకటి: తిరిగే యంత్రం ఎంత కంపిస్తోందో చెప్పే సెన్సర్ నిజం చెబుతోందా? యాక్సిలరోమీటర్లకు చేతిలో పట్టే షేకర్ ఉంది. 159.2 హెర్ట్జ్ వద్ద త్వరణం సెకను వర్గానికి 10 మీటర్లయితే వేగం సెకనుకు 10 మిల్లీమీటర్లు, స్థానభ్రంశం 10 మైక్రాన్లు అవుతాయి. ఒకే అమరికతో మూడూ సరిచూడవచ్చు. ప్రాక్సిమిటీ ప్రోబుకు చిన్న మోటారుపై కొద్దిగా వంచి బిగించిన ఉక్కు పళ్లెం వాడతారు. ప్రోబును కేంద్రం నుంచి అంచువైపు జరిపేకొద్దీ ఊపు పెరుగుతుంది. ఆ ఊపును డయల్ గేజీతో కొలిచి, కంట్రోల్ రూములోని మానిటరు చూపే అంకెతో పోల్చుతారు. మైక్రానుకు 7.87 మిల్లీవోల్టులు అనే సాధారణ విలువ ఏఐఎస్‌ఐ 4140 ఉక్కుకు వర్తించేది. షాఫ్టు వేరే లోహమైతే, పళ్లెంపై నెగ్గిన ప్రోబు కూడా యంత్రం మీద తప్పు చెబుతుంది.

క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ అందుకునేవారు మూడు విషయాలు చూసుకోవాలి: గైరోకు పరీక్ష జరిగిన అక్షాంశం, యాక్సిలరోమీటరుకు స్థానిక గురుత్వ విలువ, ప్రోబుకు లక్ష్య లోహం పేరు. ఇవి లేని పత్రాన్ని వెనక్కి పంపడమే సరైనది.