డబ్బా అయిపోయాక?

భోజనం మానేసి పొడి కలుపుకుని తాగితే బరువు తగ్గుతారా? తగ్గుతారు. అరవై ఏళ్ళ పైబడిన చరిత్ర చెప్పేది అదే. అసలు తిరకాసు మళ్ళీ కంచం ముందు కూర్చున్న రోజున మొదలవుతుంది.

1959లో అమెరికాలో మీడ్ జాన్సన్ కంపెనీ మెట్రికాల్ అనే పొడిని బజార్లోకి తెచ్చింది. రోగులు నీరసించకుండా ఉండటానికి అమ్మే సస్టాజెన్‌నే కాస్త మార్చి, చిక్కాలనుకునేవాళ్ళకి అమ్మారన్నమాట! నాలుగు గ్లాసులు, 900 కేలరీలు, రోజు గడిచిపోతుంది. ఏం తినాలి, ఎంత తినాలి అన్న గొడవే లేదు. జనం ఎగబడ్డారు.

1976లో రాబర్ట్ లిన్ అనే డాక్టరు 'ద లాస్ట్ ఛాన్స్ డైట్' అని పుస్తకం రాశాడు. ఆయన మందు, రోజుకి 400 కేలరీలు కూడా లేని ప్రొటీన్ ద్రవం. ఆ ప్రొటీన్ ఎక్కడిదనుకున్నారు? కబేళాల్లో మిగిలిన తోళ్ళూ గట్రా నుంచి తీసింది. ఒంటికి కావలసిన అమైనో ఆమ్లాలన్నీ అందులో ఉండవు. ఇలాంటి ద్రవాల మీద బతికినవాళ్ళలో యాభైమందికి పైగా చనిపోయారు. చాలామందికి గుండె లయ తప్పింది.

1988లో ఓప్రా విన్‌ఫ్రే తను తగ్గిన 67 పౌన్లకి సమానమైన కొవ్వుని బండిలో పెట్టి టీవీలోకి లాక్కొచ్చింది. అదీ ద్రవాహారం మహిమే. ఆ బరువు తిరిగొచ్చేసింది.

ఇక 2017కి రండి. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే ప్రయోగం ఫలితాలు వచ్చాయి. టైప్ 2 మధుమేహం ఉన్నవాళ్ళకి మూణ్ణుంచి ఐదు నెలలు రోజుకి దాదాపు 850 కేలరీల షేకులు, సూపులు ఇచ్చారు. తర్వాత మామూలు తిండి మెల్లగా మొదలుపెట్టించి, నెలనెలా కనిపెట్టుకుని ఉన్నారు. ఏడాదికి 46 శాతం మంది మందులు లేకుండానే మధుమేహం హద్దులోంచి బయటపడ్డారు. మామూలు వైద్యంలో ఉన్నవాళ్ళలో అది 4 శాతమే. రెండేళ్ళకి 46 కాస్తా 36 అయింది, అదీ నిజమే.

గమనించారా? అప్పుడు 900, ఇప్పుడు 850. కేలరీల లెక్క పెద్దగా మారలేదు. మారింది దాని చుట్టూ ఉన్న మనుషులు, ఆ తర్వాతి నెలల ఏర్పాటు.

బరువు తిరిగొస్తే మనవాళ్ళు ఠక్కున "నిగ్రహం లేదు" అనేస్తారు. కానీ చిక్కిన ఒళ్ళు ఆకలి పెంచుతుంది, ఖర్చుపెట్టే కేలరీలు తగ్గించుకుంటుంది. అది మనిషి బుద్ధిలో లోపం కాదు, శరీరం తీరే అంత. అందుకే డబ్బా అమ్మేవాణ్ణి "ఎన్ని కిలోలు తగ్గుతాను?" అని అడిగి లాభం లేదు. "డబ్బా అయిపోయాక నన్ను చూసేదెవరు?" అని అడగాలి.