లోపలి హార్డ్ డిస్క్ బయటికి వచ్చిన తీరు: యు.ఎస్.బి. అనుసంధానం చరిత్ర

కంప్యూటర్ చెడిపోతే అందులోని సమాచారం కూడా పోయినట్టేనా? ఈ ప్రశ్న నేడు చాలా ఇళ్లలో, చిన్న కార్యాలయాల్లో ఎదురవుతూ ఉంటుంది. మదర్‌బోర్డు కాలిపోయి ఉండవచ్చు, ల్యాప్‌టాప్ తెర పగిలి ఉండవచ్చు. హార్డ్ డిస్క్ మాత్రం చాలాసార్లు బాగానే ఉంటుంది. రిపేరు దుకాణంలో నాలుగు స్క్రూలు విప్పి, ఆ డిస్కును బయటికి తీసి, ఒక చిన్న అడాప్టర్‌కు తగిలించి, యు.ఎస్.బి. కేబుల్‌తో మరో కంప్యూటర్‌కు కలుపుతారు. పెళ్లి ఫొటోలు, దుకాణం లెక్కలు, సగం రాసిన ప్రాజెక్టు రిపోర్టు మళ్లీ కనిపిస్తాయి. ఇది ఎంత మామూలు పని అయిపోయిందంటే, దీనికీ ఒక చరిత్ర ఉంటుందని మనకు తోచదు.

ఈ చరిత్రను సాధారణంగా 1996లో యు.ఎస్.బి. రాకతో మొదలుపెడతారు. ఈ పాఠంలో మనం అంతకన్నా వెనక్కి వెళ్తాం. డిస్కు కంప్యూటర్ పెట్టె దాటి రాగలిగిందంటే అందుకు మొదటి కారణం కేబుల్ కాదు. డిస్కును నడిపే ఎలక్ట్రానిక్స్ ఎక్కడ ఉండాలన్న విషయంలో 1980లలో వచ్చిన మార్పే ఆ కారణం.

కంట్రోలర్ ఎక్కడ ఉండాలి?

ఐ.బి.ఎం. సంస్థ 1956లో ప్రకటించిన 305 ర్యామాక్ కంప్యూటర్‌లో 350 అనే డిస్కు యూనిట్ ఉండేది. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్లేలు ఒకదానిపై ఒకటి తిరుగుతూ 50 లక్షల అక్షరాలను దాచేవి. ఆ యూనిట్ గదిలో బీరువాలా విడిగా నిలబడి ఉండేది కాబట్టి అప్పట్లో ‘లోపలి డిస్కు’, ‘బయటి డిస్కు’ అన్న తేడాకే అర్థం లేదు. ఆ తేడా వ్యక్తిగత కంప్యూటర్లతో వచ్చింది. సీగేట్ సంస్థ 1980లో తెచ్చిన ఎస్.టి.-506 డిస్కు 5.25 అంగుళాల ఫ్లాపీ డ్రైవ్ పట్టే చోటే ఇమిడేది. దాని సామర్థ్యం 5 మెగాబైట్లు. 1983లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి. ఎక్స్.టి.లో ఇదే పద్ధతికి చెందిన 10 మెగాబైట్ల డిస్కు ఉండేది.

ఈ తరం డిస్కులో ఏముందో, ఏమి లేదో గమనించండి. మోటారు ఉంది, పళ్లేలు ఉన్నాయి, హెడ్లు ఉన్నాయి. కానీ ఏ ట్రాకు దగ్గరికి వెళ్లాలో అడుగడుగునా చెప్పేది కంప్యూటర్‌లో విడిగా బిగించిన కంట్రోలర్ కార్డు. హెడ్ చదివిన సంకేతం దాదాపు పచ్చిగానే ఆ కార్డుకు చేరేది. అందులోంచి బిట్లను విడదీసి, సెక్టార్లుగా గుర్తుపట్టే పని కార్డుదే. ఇందుకోసం రెండు కేబుళ్లు వాడేవారు: ఆజ్ఞల కోసం 34 తీగలది, డేటా కోసం 20 తీగలది.

దీని పర్యవసానం గట్టిదే. పళ్లేలపై సెక్టార్ల అమరికను రాసింది కార్డు. డిస్కును వేరే రకం కార్డుకు కలిపితే ఆ అమరిక అర్థం కాకపోవచ్చు. అప్పుడు మొదటి నుంచి ఫార్మాట్ చేయవలసి వచ్చేది, అంటే ఉన్న డేటా తుడిచిపెట్టుకుపోయేది. డిస్కును మాత్రమే వెంట తీసుకెళ్లడమంటే వీణను పట్టుకెళ్లి వైణికుణ్ణి ఇంట్లో వదిలేసినట్టు.

ఈ సమస్యకు రెండు సమాధానాలు వచ్చాయి. మొదటిది షుగార్ట్ అసోసియేట్స్ సంస్థ రూపొందించిన సాసీ పద్ధతి. అది పెరిగి 1986లో స్కజీ అనే అమెరికా జాతీయ ప్రమాణమైంది. ఇందులో కంప్యూటర్ హెడ్లను కదిలించదు. ‘ఫలానా నంబరు బ్లాకు ఇవ్వు’ అని మాత్రమే అడుగుతుంది. అది ఏ పళ్లెంపై ఎక్కడుందో వెతుక్కోవడం అవతలి పరికరం పని. ఆ ఏడాదే వచ్చిన మాకింటాష్ ప్లస్‌కు వెనుకవైపు స్కజీ పోర్టు ఉండడంతో డిస్కును పెట్టె బయట కూడా పెట్టుకోగలిగారు. అయితే స్కజీ ఖరీదైనది, దాని అమరిక కూడా చిక్కైనదే.

రెండో సమాధానం ఐ.డి.ఇ. దీన్ని 1986 ప్రాంతంలో వెస్టర్న్ డిజిటల్, కాంపాక్ సంస్థలు ముందుకు తెచ్చాయి. కంట్రోలర్‌ను కార్డు మీద నుంచి తీసి డిస్కు అడుగున ఉన్న బోర్డుపైనే పెట్టారు. ఎలక్ట్రానిక్స్ డ్రైవ్‌లోనే కలిసిపోయిందన్నదే ఆ పేరుకు అర్థం. ఒక కార్డు ఖర్చు, ఒక స్లాటు మిగులుతాయన్నది అందులో పెద్ద ఆకర్షణ. డిస్కును జేబులో వేసుకుని తిరగవచ్చన్న ఊహ అప్పటి లెక్కల్లో లేదు. చరిత్రలో పెద్ద మార్పులు చాలాసార్లు ఇలా పొదుపు కోసం చేసిన పనుల వెంట వస్తాయి. ఐ.డి.ఇ. పద్ధతి 1994లో ఎ.టి.ఎ. పేరుతో ప్రమాణంగా వెలువడింది. కానీ దాని 40 పిన్నుల రిబ్బన్ కేబుల్ 18 అంగుళాలు మించకూడదు, కంప్యూటర్ ఆపకుండా తగిలించకూడదు. వీణతో పాటు వైణికుడూ సిద్ధమయ్యాడు గాని, ఇల్లు దాటే దారి ఇంకా పడలేదు.

యు.ఎస్.బి.లోకి డిస్కు

యు.ఎస్.బి. మొదటి ప్రమాణం 1996 జనవరిలో వెలువడింది. కాంపాక్, డి.ఇ.సి., ఐ.బి.ఎం., ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఎన్.ఇ.సి., నార్టెల్ అనే ఏడు సంస్థలు దీని వెనుక ఉన్నాయి. ఇంటెల్‌లో ఈ పనికి ముందు నిలిచిన ఇంజనీర్లలో వడోదరలోని మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయంలో చదివిన అజయ్ భట్ ఒకరు. కీబోర్డుకు ఒక పోర్టు, మౌస్‌కు ఒకటి, ప్రింటర్‌కు మరొకటి అన్న గందరగోళాన్ని తొలగించడం వారి లక్ష్యం. హార్డ్ డిస్క్ వారికి ముఖ్యం కాదని వేగాన్ని చూస్తేనే తెలుస్తుంది. గరిష్ఠంగా సెకనుకు 12 మెగాబిట్లు, అంటే 1.5 మెగాబైట్లు. ఆచరణలో దాదాపు ఒక మెగాబైటే దక్కేది. ఆ లెక్కన 10 గిగాబైట్ల డిస్కును కాపీ చేయడానికి మూడు గంటలకు చేరువగా పట్టేది. డిస్కులకు, వీడియోకు అనువైన ఫైర్‌వైర్ 1995లోనే సెకనుకు 400 మెగాబిట్ల వేగంతో ప్రమాణమైంది. అయినా ఇంటెల్ చిప్‌సెట్ల ద్వారా దాదాపు ప్రతి కంప్యూటర్‌లోకీ చేరిపోయిన యు.ఎస్.బి.యే నిలిచింది. మేలైనది కాదు, అందరి దగ్గరా ఉన్నదే గెలిచిందని ఈ రచయిత అభిప్రాయం.

వేగం కొరత 2000 ఏప్రిల్‌లో యు.ఎస్.బి. 2.0తో తీరింది. అది 480 మెగాబిట్లు, అంటే పాతదానికి 40 రెట్లు. కానీ మన విషయానికి అంతకన్నా ముఖ్యమైనది 1999లో వచ్చిన మరో పత్రం. డేటా నిల్వ పరికరాలు యు.ఎస్.బి. మీదుగా ఎలా మాట్లాడాలో అది నిర్ణయించింది. (దాని ముఖపత్రంపై తేదీ ‘సెప్టెంబరు 31’ అని అచ్చయింది. ఎవరూ చూసుకోలేదు కాబోలు!) కొత్త భాషను సృష్టించకుండా, స్కజీ ఆజ్ఞలనే యు.ఎస్.బి. కేబుల్‌లో పంపే మార్గాన్ని అందులో స్థిరపరిచారు.

ఇప్పుడు చిక్కు చూడండి. కంప్యూటర్ యు.ఎస్.బి. మీదుగా స్కజీ భాషలో అడుగుతుంది. ల్యాప్‌టాప్ నుంచి తీసిన డిస్కుకు ఎ.టి.ఎ. భాషే తెలుసు. మధ్యలో దుబాసీ ఉండాలి. మనం అడాప్టర్ అనే వస్తువులో నిజంగా ఉన్నది ఆ దుబాసీయే, బ్రిడ్జ్ చిప్. 1986 నాటి రెండు సమాధానాలు, అంతకాలం వేరువేరు దారుల్లో నడిచినవి, ఈ చిన్న చిప్‌లో కలుసుకున్నాయి. ‘అది ఉత్త కేబులే కదా’ అనుకోవడం సరికాదు.

కరెంటు సంగతి

భాష కుదిరినా మోటారు తిరగాలి. డెస్క్‌టాప్‌లో వాడే 3.5 అంగుళాల డిస్కుకు 12 వోల్టులు కూడా కావాలి. మామూలు యు.ఎస్.బి. పోర్టు 5 వోల్టులే ఇస్తుంది. అందుకే ఆ డిస్కుల అడాప్టర్‌తో విడిగా పవర్ సప్లై ఇస్తారు. ల్యాప్‌టాప్‌లోని 2.5 అంగుళాల డిస్కుకు 5 వోల్టులు చాలు గాని, తిరగడం మొదలుపెట్టే క్షణంలో కొన్ని డిస్కులు ఒక ఆంపియర్ దాకా లాగుతాయి. యు.ఎస్.బి. 2.0 హామీ ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. రెండు పోర్టులకు తగిలించే రెండు తలల కేబుళ్లు అందుకే వచ్చాయి. 2008 నవంబరులో వెలువడిన యు.ఎస్.బి. 3.0 దీన్ని 900కు పెంచింది. డిస్కు టిక్కు టిక్కుమంటూ కనిపించకపోతే చెడిపోయిందని వెంటనే తీర్మానించకూడదు. కరెంటు చాలకపోయినా అదే శబ్దం రావచ్చు.

2003 నుంచి వచ్చిన సాటా డిస్కులు పనిని ఇంకా సులువు చేశాయి. 40 పిన్నుల స్థానంలో డేటాకు 7, కరెంటుకు 15 కాంటాక్టులు వచ్చాయి. ల్యాప్‌టాప్ డిస్కుకూ డెస్క్‌టాప్ డిస్కుకూ అదే కనెక్టర్. యు.ఎస్.బి. 3.0 వేగం సెకనుకు 5 గిగాబిట్లు కావడంతో, తిరిగే డిస్కుల కన్నా కేబులే వేగమైనదైంది.

దుబాసీ మాట మార్చితే

దుబాసీ మీద ఆధారపడినవారు దుబాసీ చెప్పిందే నమ్మాలి. 2010 ప్రాంతంలో 2 టెరాబైట్లు దాటిన డిస్కులు బయటి పెట్టెల్లో అమ్మకానికి వచ్చాయి. అప్పటికి విస్తృతంగా వాడుకలో ఉన్న విండోస్ ఎక్స్.పి. సెక్టార్లను 32 బిట్ల సంఖ్యతో లెక్కిస్తుంది. సెక్టారుకు 512 బైట్ల చొప్పున ఆ లెక్క 2 టెరాబైట్ల దగ్గర ఆగిపోతుంది. కొన్ని పెట్టెల్లోని బ్రిడ్జ్ చిప్ దీనికి ఒక ఉపాయం పన్నింది. ఎనిమిదేసి సెక్టార్లను కలిపి 4096 బైట్ల ఒకే సెక్టారుగా కంప్యూటర్‌కు చూపింది. పాత విండోస్‌తో పని జరిగిపోయింది. కానీ పెట్టె పాడై, లోపలి డిస్కును తీసి నేరుగా సాటాకు కలిపినవారికి డిస్కు ఖాళీగా కనిపించింది, ఫార్మాట్ చేయమంటారా అన్న ప్రశ్న ఎదురైంది. డేటా అంతా ఉన్నచోటే ఉంది, దాన్ని లెక్కపెట్టే కొలత మారిందంతే.

మరికొన్ని పెట్టెల్లో, వాడేవారు పాస్‌వర్డ్ పెట్టకపోయినా, చిప్ ప్రతి బైటునూ సంకేత లిపిలోకి మార్చి రాస్తుంది. చిప్ కాలిపోతే డిస్కు ఒక్కటే ఉండి ప్రయోజనం లేదు. ఇక కొన్ని పోర్టబుల్ డిస్కుల్లో సాటా కనెక్టరే ఉండదు. యు.ఎస్.బి. సాకెట్‌ను డిస్కు బోర్డుపైనే అతికించి ఉంటారు. ఎస్.టి.-506 నాటి కార్డుకూ డిస్కుకూ ఉన్న విడదీయరాని బంధం మరో రూపంలో తిరిగి వచ్చిందన్నమాట.

కాబట్టి బయటి పెట్టె నుంచి తీసిన డిస్కు ఫార్మాట్ అడిగితే వద్దని చెప్పి, మొదట దాని పాత పెట్టెలోనో, అదే రకం బ్రిడ్జ్ బోర్డు ఉన్న పెట్టెలోనో పెట్టి చూస్తారు. అక్కడ ఫైళ్లు కనిపిస్తే ముందు వాటిని మరో డిస్కులోకి కాపీ చేసుకుని, ఆ తరువాతే మిగతా పని మొదలుపెడతారు.