డిగ్రీ అయ్యి చాలా ఏళ్లయిందా? ఇప్పుడు పీజీ చేయాలంటే ముందు ఇవి తెలుసుకోండి

డిగ్రీ అవ్వగానే ఉద్యోగం, ఆ తర్వాత పెళ్లి, పిల్లలు. పదిహేనో ఇరవయ్యో ఏళ్లు గడిచాక ‘పీజీ చేసి ఉంటే బాగుండేది’ అనిపిస్తుంది. కొందరికి ప్రమోషన్ కోసం, కొందరికి లెక్చరర్ పోస్టు కోసం, మరికొందరికి కేవలం ఇష్టంతోనే చదవాలని ఉంటుంది. వయసు మీరిపోయిందేమో అన్నది చాలామంది సందేహం. అసలు చిక్కు వయసుతో కాదు. ఏ విధానంలో చేరాలి, ఆ కోర్సుకు గుర్తింపు ఉందా, పాత సర్టిఫికెట్లు సరిగా ఉన్నాయా అన్నవే తేల్చుకోవాల్సినవి. వీటిలో పొరపాటు జరిగితే రెండేళ్ల కష్టం, కట్టిన ఫీజు రెండూ వృథా అవుతాయి.

మీకు ఏ దారి సరిపోతుంది?

రెగ్యులర్: తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ రాసి, ర్యాంకును బట్టి విశ్వవిద్యాలయాల్లో చేరాలి. రోజూ తరగతులకు వెళ్లాలి, హాజరు తప్పనిసరి. ఉద్యోగం చేస్తూ ఇది కుదరడం కష్టం.

దూరవిద్య: పుస్తకాలు లేదా వాటి డిజిటల్ ప్రతులు ఇస్తారు. స్టడీ సెంటర్‌లో కొన్ని తరగతులుంటాయి. పరీక్షలకు మాత్రం కేంద్రానికి వెళ్లాలి. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే మొదలైంది. ఇప్పుడది డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో ఏర్పాటైన ఇగ్నోకు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. ఆంధ్రా, ఉస్మానియా వంటి విశ్వవిద్యాలయాలకూ దూరవిద్యా కేంద్రాలున్నాయి.

ఆన్‌లైన్: పాఠాలు, అసైన్‌మెంట్లు అన్నీ ఇంటర్నెట్‌లోనే. అనుమతి ఉన్న విశ్వవిద్యాలయం దేశంలో ఎక్కడున్నా చేరొచ్చు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల దూరవిద్యకు ఆ వెసులుబాటు లేదు. అవి తమ పరిధి దాటి స్టడీ సెంటర్లు నడపకూడదు. మీ ఊళ్లో వేరే రాష్ట్రపు విశ్వవిద్యాలయం బోర్డు కనిపిస్తే అక్కడే అనుమానించాలి.

వయసు అడ్డమా?

ఇగ్నోలో పీజీకి గరిష్ఠ వయోపరిమితి లేదు. అక్కడ జనవరి, జులైలలో ఏటా రెండుసార్లు ప్రవేశాలుంటాయి. రెండేళ్ల ఎంఏను నాలుగేళ్లలోపు పూర్తి చేసుకోవచ్చు. ఒక సెమిస్టర్‌లో ఇంట్లో ఇబ్బంది వచ్చి పరీక్ష రాయలేకపోయినా కోర్సు పోదు.

వయసు అడ్డొచ్చేది ఎక్కువగా డబ్బు సాయం దగ్గరే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు వయసు, కుటుంబ ఆదాయం, హాజరు నిబంధనలున్నాయి. అది వస్తుందన్న లెక్కతో చేరకండి. ముందు మీ అర్హత చూసుకోండి. విద్యా రుణం తీసుకుంటే, దానిపై కట్టే వడ్డీకి పాత పన్ను విధానంలో గరిష్ఠంగా 8 ఏళ్లపాటు మినహాయింపు ఉంటుంది.

దూరవిద్య డిగ్రీ చెల్లుతుందా?

చెల్లుతుంది. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ విధానాల్లో పొందిన పీజీ రెగ్యులర్ పీజీతో సమానమేనని యూజీసీ 2020 నిబంధనల్లో ఉంది. 2022 సెప్టెంబరులో యూజీసీ ఈ విషయాన్ని మరోసారి స్పష్టం చేసింది.

అయితే అనుమతి విశ్వవిద్యాలయానికి ఉంటే చాలదు. మీరు చేరే కోర్సుకు, మీరు చేరే విద్యా సంవత్సరానికి కూడా ఉండాలి. యూజీసీ దూరవిద్యా విభాగం (డీఈబీ) వెబ్‌సైట్‌లో ఏ సంస్థకు ఏ కోర్సులకు అనుమతి ఉందో జాబితా ఉంటుంది. ఫీజు కట్టే ముందే అందులో చూడండి. ఏజెంటు చూపించే పాత ఉత్తర్వు కాపీని నమ్మకండి.

కొన్ని కోర్సులు దూరవిద్యలో అసలు ఉండకూడదు. ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఆర్కిటెక్చర్, న్యాయవిద్య ఈ కోవలోవి. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఆహార-పోషకాహార శాస్త్రం కూడా ఈ జాబితాలో చేరాయి. ఎంఏ సైకాలజీ ఇంటి నుంచే చేయొచ్చని ఇప్పుడు ఎవరైనా చెబితే చేరకండి. పీహెచ్‌డీ కూడా దూరవిద్యలో లేదు. ఉద్యోగులకు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ అవకాశం ఉంది, దానికి పనిచేసే సంస్థ నుంచి ఎన్‌వోసీ కావాలి.

వేరే సబ్జెక్టులో చేయొచ్చా?

ఇగ్నోలో ఇంగ్లిష్, సోషియాలజీ, పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ వంటి ఎంఏలకు ఏ డిగ్రీ ఉన్నా చాలు. ఎమ్మెస్సీకి మాత్రం సాధారణంగా డిగ్రీలో ఆ సబ్జెక్టు చదివి ఉండాలి.

ఉద్యోగం కోసమే అయితే ముందు ఆ పోస్టు నోటిఫికేషన్ చదివి, తర్వాత సబ్జెక్టు ఎంచుకోండి. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు డిగ్రీలో చదివిన సబ్జెక్టులు చూస్తారు. జూనియర్ లెక్చరర్‌కు పీజీ సబ్జెక్టు ముఖ్యం. డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పాలనుకుంటే యూజీసీ నెట్ ఉంది. దానికి పీజీలో 55 శాతం మార్కులు కావాలి, రిజర్వుడు వర్గాలకు 50 శాతం చాలు. జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు మాత్రం లేదు. అంటే 45 ఏళ్లకు పీజీ పూర్తయినా నెట్ రాయొచ్చు. నియామక నోటిఫికేషన్‌లో వయసు నిబంధన వేరుగా ఉండొచ్చు, అది కూడా చూసుకోండి. పాసైతే చాలనుకుని 55 శాతానికి తగ్గితే ఈ దారి మూసుకుపోతుంది.

ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

పదో తరగతి, ఇంటర్ మెమోలు, డిగ్రీ మార్కుల మెమోలు, ప్రొవిజనల్ లేదా కాన్వొకేషన్ సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోండి. పోయి ఉంటే పోలీసులకు ఫిర్యాదు చేసి, నోటరీ అఫిడవిట్‌తో విశ్వవిద్యాలయ పరీక్షల విభాగంలో డూప్లికేట్‌కు దరఖాస్తు చేయాలి. చేతికి రావడానికి వారాలు పట్టొచ్చు. ప్రవేశాల ప్రకటన వచ్చేదాకా ఆగొద్దు.

ఇంటర్ చదవకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కొన్ని ప్రవేశాలకు, ఉద్యోగాలకు 10+2+3 పద్ధతిలో చదివి ఉండాలని అడుగుతారు.

దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల్లో చేరడానికి ఇప్పుడు డీఈబీ ఐడీ తప్పనిసరి. దానికి ముందు డిజిలాకర్ ద్వారా ఏబీసీ ఐడీ తీసుకోవాలి. ఇది ఆధార్ వివరాలతో వస్తుంది కాబట్టి పేరు దగ్గర చిక్కు రావొచ్చు. మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉన్న మహిళలకు ఈ సమస్య ఎక్కువ. దరఖాస్తుకు ముందే వివాహ ధ్రువపత్రం దగ్గర పెట్టుకోండి. అవసరమైతే ఆధార్‌లో పేరు సరిచేయించుకోండి.

ప్రభుత్వ ఉద్యోగులు చేరే ముందే శాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. అనుమతి లేకుండా చదివితే పదోన్నతి సమయంలో ఆ పీజీని సర్వీసు రిజిస్టర్‌లో చేర్పించడం ఇబ్బందవుతుంది.

చేరాక చదువు ఎలా సాగుతుంది?

ఇగ్నోలో చాలా కోర్సులకు అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం వెయిటేజీ. పరీక్షలు జూన్, డిసెంబరులలో. మధ్యలో మానేసేవారు ఎక్కువగా తడబడేది అసైన్‌మెంట్ల దగ్గరే. గడువు ముందు రాత్రి కూర్చుని రాసేవి కావవి. వారానికి ఆరేడు గంటలు దొరుకుతాయో లేదో ఇంట్లో మాట్లాడుకుని లెక్క వేసుకోండి. దొరకవనిపిస్తే వచ్చే విడతలో చేరండి. ఏడాదికి రెండు విడతలున్నప్పుడు ఆరు నెలలు ఆగితే నష్టమేమీ లేదు.

ఫీజు ఎప్పుడూ విశ్వవిద్యాలయ పోర్టల్‌లోనే కట్టండి. రసీదు, దరఖాస్తు కాపీ ఫోన్‌లో భద్రపరచుకోండి. ‘పరీక్ష రాయకుండానే సర్టిఫికెట్’, ‘పాత తేదీతో డిగ్రీ’ అని ఎవరైనా అంటే అది మోసమే. అలాంటి సర్టిఫికెట్‌తో ఉద్యోగంలో చేరినా వెరిఫికేషన్‌లో బయటపడుతుంది. అప్పుడు ఉద్యోగం పోవడంతోపాటు కేసూ ఎదుర్కోవాల్సి వస్తుంది.